ఈనిన ఆవుకు కొలెస్టరాల్ పెరగాలి

మనుషుల రక్తం పరీక్షించడమే వృత్తిగా బతికినవాణ్ని నేను. ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగ విరమణ దాకా రోజూ చూసింది అవే: చక్కెర, కొలెస్టరాల్, పచ్చకామెర్లను పట్టిచ్చే బిలిరుబిన్, కాలేయం తయారుచేసే ప్రొటీన్ ఆల్బుమిన్, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ. అంకె హద్దు దాటితే రిపోర్టులో దాని పక్కన నక్షత్రం గుర్తు పెట్టడం చేతికి అలవాటైపోయింది. ఇప్పుడు పలమనేరు దగ్గర మా అత్తగారి ఊళ్లో ఉంటున్నాను. మా బావమరిది పాడి మీద బతుకుతాడు. ఒక్క జెర్సీ సంకరం తప్ప కొట్టంలో ఉన్నవన్నీ హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులే. వాటి రక్తం రిపోర్టులు చదవడం మొదలుపెట్టాక నా నక్షత్రాలన్నీ తారుమారయ్యాయి.

ఆవు రక్తంలో చక్కెర డెసిలీటరుకు 45 నుంచి 75 మిల్లీగ్రాములు ఉంటే మామూలే. మనిషికి 45 వస్తే రిపోర్టు టైపు చేయకుండానే డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్లం. ఏఎస్‌టీ మనిషికి 40 దాటితే అనుమానిస్తాం, ఆవుకు వంద ఉన్నా ఆరోగ్యమే. మనుషుల కాలేయ పరీక్షల్లో అంత పేరున్న ఏఎల్‌టీ ఆవు కాలేయం సంగతి దాదాపు ఏమీ చెప్పదు. పైగా ఏఎస్‌టీ కండరాల్లోనూ ఉంటుంది కాబట్టి, లేవలేక పడుకునే ఉన్న ఆవుకు కాలేయం బాగున్నా ఆ అంకె ఎగబాకుతుంది. ఇక కొలెస్టరాల్. ఈనే సమయానికి అది బాగా అడుగంటుతుంది, ఆ తరవాత వారం వారం పెరుగుతూ పోవాలి. పెరిగితే సంబరపడాలి, పెరగకపోతే కంగారు పడాలి. ఈ మాట మా ఆవిడకు చెప్పినప్పుడు ఆమె రాత్రి కొలెస్టరాల్ మాత్ర వేసుకుంటోంది. "అయితే నన్నూ కొట్టంలోనే కట్టేయండి" అంది.

ఎందుకు పెరగాలో తెలియాలంటే ఈనిన ఆవు కాలేయం మీద ఎంత పని పడుతుందో చూడాలి. మనం అన్నం తింటే చక్కెర పేగుల నుంచి నేరుగా రక్తంలోకి వస్తుంది. ఆవుకు ఆ వసతి లేదు. తిన్న పిండిపదార్థాన్ని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులే ముందు ఆరగించి, అసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మార్చి వదులుతాయి. అందులోని ప్రొపియోనిక్ ఆమ్లాన్ని అందుకుని కాలేయం చక్కెర తయారుచేస్తుంది. పాలలోని లాక్టోజు ఆ చక్కెరతో తయారయ్యేదే. లీటరు పాలకు సుమారు 72 గ్రాముల గ్లూకోజు కావాలని లెక్క. పదిహేను లీటర్లు ఇచ్చే ఆవు కాలేయం పొదుగు కోసమే రోజూ కిలో చక్కెర వండాలన్నమాట. ఈనిన రోజు నుంచి పాలు ఎక్కుతూ పోతాయి, ఆకలి మాత్రం నింపాదిగా వస్తుంది. పాలు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గరిష్ఠానికి చేరితే, మేత తినడం పది, పన్నెండు వారాలకు గాని పూర్తిస్థాయికి రాదు. ఆ లోటు ఒంట్లోంచే పూడాలి.

ఇదే గడ్డమీద పుట్టిన పుంగనూరు ఆవుకు ఈ బాధ లేదు. పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రంలో వాటిని చూడవచ్చు, నడుము ఎత్తుకు మించవు. అది ఇచ్చే నాలుగైదు లీటర్లకు కాలేయం చెమటోడ్చాల్సిన పని లేదు. మనిషి పాల కోసం మలిచిన ఆవుకే ఈ కష్టం.

లోటు పూడ్చడానికి మొదట కరిగేది కొవ్వు. వెన్ను మీద, తోక మొదట్లో, కడుపులో పేరుకున్న కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి రక్తంలోకి వస్తుంది. ఇలా వచ్చిన కొవ్వు ఆమ్లాలు రక్తంలో ఎంత ఎక్కువ ఉంటే కాలేయం అంత ఎక్కువగా లోపలికి తీసుకుంటుంది, వద్దు అనడం దానికి చేతకాదు. తీసుకున్నదానితో మూడు పనులు చేయగలదు. పూర్తిగా మండించి శక్తి పొందవచ్చు. సగం మండించి కీటోన్లుగా బయటికి పంపవచ్చు. లేదా తిరిగి కొవ్వుగా కట్టి, ప్రొటీన్ తొడుగుతో వీఎల్‌డీఎల్ అనే రేణువులుగా చేసి రక్తంలోకి ఎగుమతి చేయవచ్చు. ఆ రేణువుల్లో కొలెస్టరాల్ కూడా ఉంటుంది. అందుకే ఈనిన ఆవు రక్తంలో కొలెస్టరాల్ పెరుగుతోందంటే సరుకు బయటికి వెళ్తోందని అర్థం.

ఈ మూడో దారి ఆవుల్లో పుట్టుకతోనే ఇరుకు. ఎలుకతోనో కోడితోనో పోలిస్తే ఆవు కాలేయం వీఎల్‌డీఎల్‌ను చాలా నెమ్మదిగా పంపుతుంది. దానికి తోడు తొడుగుకు కావలసిన ప్రొటీన్ కూడా కరువైతే కొవ్వు కదలదు. మా వైపు వేరుశనగ పంట కల్లానికి వచ్చినప్పుడు గోనె సంచులు దొరకకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. కాయలు కుప్పలుగా పడి ఉంటాయి, బండి సిద్ధంగా ఉంటుంది, ఎత్తడానికి సంచి ఉండదు. కాలేయం బరువులో కొవ్వు ఐదు శాతం దాటితే ఇబ్బంది మొదలైనట్టు, పది దాటితే ముదిరినట్టు పశువైద్యులు చెబుతారు.

మనుషుల్లో కొవ్వు పట్టిన కాలేయం అంటే ఎక్కువ తిని తక్కువ కదిలినవాళ్ల జబ్బు అనే నా మనసులో నాటుకుపోయింది. ఆవుది పూర్తిగా వేరు. ఇది చాలినంత తినలేని ఆవుకు వచ్చే జబ్బు. పశువుల డాక్టరు గారు ఇది చెప్పిన రోజు చాలాసేపు ఆలోచనలో పడ్డాను. కొవ్వు అనగానే అందరం శక్తి లెక్కలు వేస్తాం, బెల్లం అంటాం, మొక్కజొన్న పిండి అంటాం. సంచుల లెక్క ఎవరూ వేయరు.

సంచుల లెక్కే అమైనో ఆమ్లాల లెక్క. ప్రొటీన్లన్నీ ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో కట్టినవే. పాడి ఆవుకు వాటిలో ముందుగా తక్కువ పడేవి రెండు, లైసిన్, మెథియోనిన్. కాలేయానికి సంబంధించినంత వరకు మెథియోనిన్‌ది ప్రత్యేక స్థానం. తొడుగులోని ప్రొటీన్‌కు అది కావాలి. తొడుగు పై పొరలో ఉండే ఫాస్ఫాటిడైల్ కోలిన్ అనే పదార్థాన్ని కాలేయం సొంతంగా చేసుకోవాలంటే మూడు మిథైల్ గుంపులు కావాలి, వాటిని ఇచ్చేది మెథియోనిన్ నుంచి పుట్టిన పదార్థమే. కొవ్వు మండేటప్పుడు పుట్టే విష రసాయనాలను విరిచే గ్లూటాథయోన్ తయారీకి కావలసిన గంధకం కూడా దాని నుంచే వస్తుంది. ఒకే అమైనో ఆమ్లం ఇన్ని చోట్ల పనిలో ఉంటే, కొరత వచ్చినప్పుడు ఏ పని ఆగుతుందో ఊహించుకోండి. పొదుగు మాత్రం తన వాటా వదులుకోదు. ఈనిన ఆవు ఒంట్లో అన్నింటికన్నా ముందు వడ్డించుకునేది పొదుగే.

ఆ వాటా ఎంతో జున్ను చూస్తే తెలుస్తుంది. మామూలు ఆవు పాలలో ప్రొటీన్ మూడు శాతం పైచిలుకు. ఈనిన తరవాత మొదటి పితుకులో అది పద్నాలుగు శాతం దాకా ఉంటుంది. ఆవిరి మీద పెడితే జున్ను గట్టిగా తోడుకునేది ఆ ప్రొటీన్ వల్లే. అందులో చాలా భాగం దూడను కాపాడే ప్రతిరక్షకాలు, ఆవు రక్తంలోంచి పొదుగులోకి దిగినవి. దూడ తాగగా మిగిలిందే మన గిన్నెలోకి రావాలని మా అత్తయ్య నియమం. ఈ ఇంట్లో జున్ను కోసం దూడ కడుపు కొట్టిన సందర్భం లేదు, అది ఆమె పుణ్యమే. తరవాత పాలు పలచబడినా వాటా తగ్గదు. రోజుకు పదిహేను లీటర్లంటే దాదాపు అర కిలో ప్రొటీన్ బిందెలోకి పోతోంది. ఆవు తింటున్నదేమో సగం ఆకలితో.

అందుకే ఈనే సమయానికి ఆవు రక్తంలో చాలా అమైనో ఆమ్లాలు ఒక్కసారిగా దిగిపోతాయి. మెథియోనిన్ అందులో ఒకటి. గ్లైసిన్ మాత్రం ఎదురు నడిచి పెరుగుతుంది. వీటితో పాటు 3-మిథైల్ హిస్టిడిన్ అని ఒకటి పెరుగుతుంది. నాకు అన్నింటికన్నా నచ్చిన కొలత అది. అది కండరంలో తయారవుతుంది, కండరం విరిగినప్పుడు రక్తంలోకి వస్తుంది, మళ్లీ ప్రొటీన్ కట్టడానికి పనికిరాదు. అంటే అది ఎక్కువగా కనిపించిందంటే ఆవు తన కండ తాను కరిగించుకుని పాలిస్తోందని నేరుగా చెప్పినట్టే. ఈ పరీక్షలు మన ఊరి ల్యాబుల్లో జరగవు, వాటికి ఖరీదైన యంత్రాలు కావాలి. కానీ వెన్ను మీద చేయి వేసి చూస్తే కొంత తెలుస్తుంది. తుంటి ఎముకకూ వెన్నుకూ మధ్య పల్లం పడితే కొవ్వు పోయింది. నడుము దగ్గర వెన్నెముకకు ఇరుపక్కలా ఉండే దిండ్లు సన్నబడి ఎముకల కొసలు చేతికి తగులుతుంటే కండ కూడా పోతోంది.

లోటుకు తోడు ఇంకో గండం వాపు. మాయ పడకపోయినా, గర్భాశయం చీము పట్టినా, పొదుగు వాపు వచ్చినా కాలేయం ఉన్నపళాన పని మార్చుకుంటుంది. హాప్టోగ్లోబిన్ వంటి అత్యవసర ప్రొటీన్లు చేయడం మొదలుపెట్టి, ఆల్బుమిన్, తొడుగు ప్రొటీన్లు, విటమిన్ ఏ మోసే ప్రొటీన్ చేయడం తగ్గిస్తుంది. ఉన్న కొద్దిపాటి అమైనో ఆమ్లాలు అటు మళ్లుతాయి. ఇటలీలో పియాచెంజాలోని కాథలిక్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్లు బెర్తోని, త్రెవీసి దీని మీదే ఒక సూచీ తయారుచేశారు. ఈనిన మొదటి నెలలో ఆల్బుమిన్, కొలెస్టరాల్ ఎంత పెరిగాయి, బిలిరుబిన్ ఎంత తగ్గింది అని చూసి కాలేయానికి మార్కులు వేస్తారు. మూడూ ఏ చిన్న ల్యాబులోనైనా అయ్యే పరీక్షలే. నా పాత చేతి పనికి ఇంత కొత్త ఉపయోగం ఉంటుందని తెలిశాక నాకు కొట్టం మీద ఆసక్తి రెట్టింపైంది.

చుక్క సంగతి చెప్పాలి. నుదుట తెల్ల మచ్చ ఉన్న హెచ్‌ఎఫ్ సంకరం, మూడో ఈత. ఈనేనాటికి వీపు పలకలా నున్నగా, నీళ్లు పోస్తే నిలిచేంతగా ఉంది. చూసినవాళ్లంతా దిష్టి తీయమన్నారు. ఈనిన తొలి వారం పాలు బాగా ఇచ్చింది. రెండో వారంలో దాణా తొట్టి ముందు పెడితే మూతి తిప్పుకుంది, వరిగడ్డి మాత్రం నములుతోంది. పేడ గట్టిగా, పైన జిగురు మెరుపుతో పడింది. దాణా వద్దని గడ్డి తినడం కీటోసిస్‌కు, అంటే రక్తంలో కీటోన్లు పేరుకునే జబ్బుకు, పెద్ద గుర్తు. అజీర్తి అయితే మామూలుగా రెండింటినీ వదిలేస్తుంది.

తెల్లవారుజామున మూత్రం పట్టాం. ఈతమార్గం కింద చర్మాన్ని వేళ్లతో మెల్లగా పైకీ కిందకీ నిమురుతూ ఉంటే కాసేపటికి ఆవు నడుము వంచి మూత్రం పోస్తుంది. మా బావమరిది నిమిరాడు, నేను స్టీలు గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను. తెల్ల పింగాణీ సాసరులో, కీటోన్లు తగిలితే రంగు మారే రొథెరా పొడి చిటికెడు వేసి పైన నాలుగు చుక్కలు వదిలాను. మొదట పొడి తడిసిన చోట బూడిద రంగు. తరవాత అంచుల్లో లేత వంకాయ రంగు మొదలై, చూస్తుండగానే నేరేడు పండు రంగుకు తిరిగింది. డయాబెటిస్ ముదిరి స్పృహ తప్పిన మనుషుల మూత్రంలో నేను చూసిన రంగే అది. మా బావమరిది "ఇది మంచి రంగేనా బావా?" అని అడిగాడు.

ఒక్క మాట. ఈ పొడి అసిటోఅసిటేట్‌ను, అసిటోన్‌ను పట్టుకుంటుంది. రక్తంలో ఎక్కువగా ఉండే బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌ను పట్టుకోలేదు. పైగా మూత్రంతో చేస్తే మరీ సున్నితం, బాగున్న ఆవు కూడా ఈనిన కొత్తలో కొంచెం రంగు చూపిస్తుంది. అందుకని డయాబెటిస్ రోగులు ఇంట్లో వాడే కీటోన్ మీటరుతో రక్తం చుక్క పరీక్షించడం మేలు. చేతిలో పట్టే ఈ మీటర్లు ఆవు రక్తంతోనూ సరిగానే పనిచేస్తాయి. లీటరుకు 1.2 మిల్లీమోల్ దాటితే పైకి కనిపించని కీటోసిస్, మూడు చేరితే లక్షణాలు బయటపడే దశ అని సాధారణ లెక్క. చుక్కకు 2.6 వచ్చింది. డాక్టరు గారు రక్తం తీసి ఇస్తే నాకు తెలిసిన ల్యాబులో చేయించాను. ఆల్బుమిన్ 2.6, కొలెస్టరాల్ 78, బిలిరుబిన్ 0.9, ఏఎస్‌టీ 168. పాత అలవాటులో అయితే కొలెస్టరాల్ చూసి శభాష్ అనేవాణ్ని. ఇక్కడ నన్ను భయపెట్టింది అదే.

వైద్యం డాక్టరు గారే చేశారు. నరానికి డెక్స్‌ట్రోజ్ ఎక్కించి, కొన్ని రోజులు నోటి ద్వారా ప్రొపిలీన్ గ్లైకాల్ పట్టమన్నారు. మామూలుగా రోజుకు 300 మిల్లీలీటర్లు ఇస్తారు. తల మరీ పైకి ఎత్తకుండా, నాలుక లాగకుండా, ఆవు మింగే వేగంతో పట్టాలి. తొందరపడితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అప్పుడు కాలేయం గురించి బెంగపడే అవసరమే ఉండదు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు వచ్చి కిలో బెల్లం కరిగించి తాగించమన్నారు. చక్కెర తక్కువైతే బెల్లం పెట్టడం మనిషికి సరిపోయే ఆలోచన. ఆవు తాగిన బెల్లం నీళ్లు పెద్ద పొట్టలో ఆగి పులుస్తాయి. చక్కెరగా రక్తంలోకి చేరేది దాదాపు శూన్యం. పులిసినప్పుడు పుట్టే బ్యుటిరిక్ ఆమ్లం కీటోన్లకే ముడిసరుకు. ఎక్కువైతే పొట్ట ఆమ్లమయమై ఉన్న ఆకలి కూడా చస్తుంది. దాణాలో రుచికి గుప్పెడు కలపడంలో తప్పులేదు.

మూడు వారాలు గడిచాక మళ్లీ చేయించిన పరీక్షలో చుక్క కొలెస్టరాల్ 140. ఆ కాగితం మీద నేనే చేత్తో నక్షత్రం పెట్టాను, మంచిదని గుర్తుగా.

పాల కేంద్రం చీటీ గురించి కూడా చెప్పుకోవాలి. చుక్క పాలలో వెన్న శాతం ఆ వారం అమాంతం ఐదు దాటింది, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) పడిపోయింది. వెన్నకు ధర వస్తుంది కాబట్టి ఇంట్లో పండగ. హెచ్‌ఎఫ్ సంకరం ఈనిన కొత్తలో అంత వెన్న ఇస్తోందంటే అది మేతలోంచి కాదు, వీపు మీద నుంచి కరిగి వస్తోంది. పాల ప్రొటీన్‌కు వెన్న ఒకటిన్నర రెట్లు మించితే కీటోసిస్ ఉందేమోనని చూడాలి. కేంద్రంలో ప్రొటీన్ విడిగా చెప్పకపోయినా వెన్న ఎగబాకి ఎస్‌ఎన్‌ఎఫ్ దిగితే దాదాపు అదే కథ. కీటోన్ మీటరు కొనలేనివాళ్లకు రోజూ ఉచితంగా దొరికే పరీక్ష ఈ చీటీ. చీటీని కళ్లకు అద్దుకుని జేబులో పెట్టుకోవడం మానేసి రెండు అంకెలూ కలిపి చదవండి.

మేత విషయానికి వస్తే మా ప్రాంతపు బలం, బలహీనత రెండూ వేరుశనగ చెక్కే. ప్రొటీన్ దండిగా ఉంటుంది. కానీ అది పెద్ద పొట్టలో చాలావరకు కరిగిపోతుంది, పైగా మెథియోనిన్, లైసిన్ రెండూ అందులో తక్కువే. కరిగిన దానిలో సూక్ష్మజీవులు వాడుకోలేనిది అమ్మోనియాగా రక్తంలోకి పోతుంది, దాన్ని యూరియాగా మార్చే పని మళ్లీ కాలేయానిదే. ఇప్పటికే పని ఎక్కువై సతమతమయ్యే కాలేయానికి ఇదొక అదనపు చాకిరీ. పత్తి గింజల చెక్కలో లైసిన్ కొంత బిగుసుకుపోయి ఉంటుంది. సోయా చెక్కలో లైసిన్ బాగుంటుంది, మెథియోనిన్ తక్కువ. మెథియోనిన్‌కు పేరున్నది నువ్వుల చెక్క. ఈనిన ఆవుకు ఉలవలు ఉడికించి పెట్టడం మా అత్తయ్య మానలేదు, డాక్టర్లు ఏం చెప్పినా. పప్పుజాతి కాబట్టి ఉలవల్లో లైసిన్ ఉంటుంది, ఉడికించడం వల్ల పెద్ద పొట్టలో కొంత నెమ్మదిగా కరుగుతుంది. వాటికి దోసెడు నువ్వుల చెక్క జతచేయమన్నాను. "నువ్వులు వేడి చేస్తాయి" అంది. వాదించలేదు. మా బావమరిది దాణాలో కలిపేస్తున్నాడు, ఆమెకు చెప్పవద్దన్నాడు. ఇది ఆమె చదవదు.

అయితే ఆవుకు అందే అమైనో ఆమ్లాల్లో సగానికి పైగా వచ్చేది ఏ చెక్కలోంచీ కాదు. పెద్ద పొట్టలో పెరిగి, కిందికి జారి, జీర్ణమైపోయే సూక్ష్మజీవుల ఒంట్లోంచి. వాటి ప్రొటీన్‌లో లైసిన్, మెథియోనిన్ పాలకు దాదాపు సరిపోయే పాళ్లలో ఉంటాయి. కాబట్టి అన్నింటికన్నా చవకైన మార్గం వాటిని బాగా మేపడమే. మంచి పచ్చిగడ్డి, తగుపాటి మొక్కజొన్న, తవుడు, ఖనిజ లవణ మిశ్రమం, ఎప్పుడూ నీళ్లు. ఖనిజ మిశ్రమంలో కోబాల్ట్ ఉండాలి. దానితో సూక్ష్మజీవులు విటమిన్ బీ12 చేస్తాయి. ప్రొపియోనిక్ ఆమ్లాన్ని చక్కెరగా మార్చే దారిలోనూ, వాడిన మెథియోనిన్‌ను తిరిగి కట్టే దారిలోనూ కాలేయానికి ఆ బీ12 కావాలి. చిటికెడు ఖనిజం వెనుక ఇంత కథ ఉంది, మనవాళ్లు అది మాత్రం దండగ ఖర్చు అంటారు.

బూజు పట్టిన చెక్క గురించి నాకు ఓపిక లేదు. 1960లో ఇంగ్లండులో టర్కీ కోడిపిల్లలు లక్షకు పైగా చనిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు విషం అని తేలింది. అఫ్లటాక్సిన్ అనే మాట అలా పుట్టింది. ఆ విషం నేరుగా కొట్టేది కాలేయాన్నే. ఆవు తిన్నదాంట్లో కొంత రూపం మార్చుకుని పాలలోకి కూడా వస్తుంది, దానికి మన దేశంలో ఉన్న హద్దు కిలో పాలకు 0.5 మైక్రోగ్రాములు. వానాకాలంలో నేల మీద బస్తా పెట్టి, అడుగు తడిసి ఆకుపచ్చగా మారిన చెక్కను "మనం తినేది కాదు కదా" అని ఆవుకు వేసే ఇళ్లు నాకు తెలుసు. మనమే తింటున్నాం, పాల రూపంలో.

మా బావమరిదికీ నాకూ పేచీ వచ్చేది పాలు ఆపేశాక ఈనేదాకా ఉండే రెండు నెలల మీద. కొన్ని ఇళ్లలో ఆ ఆవును వరిగడ్డి మీద వదిలేస్తారు, పాలివ్వనిదానికి దాణా ఎందుకని. కడుపులోని దూడ ఎక్కువ బరువు పెరిగేది చివరి మూడు నెలల్లోనే, అది అమైనో ఆమ్లాలను కట్టుబడికే కాదు, ఇంధనంగానూ వాడుకుంటుంది. అప్పుడు తల్లి కండ తరిగిపోతే ఈనాక కరిగించుకోవడానికి నిల్వ ఉండదు. మా ఇంట్లో దానికి విరుద్ధం. ఆవు ఈనబోతోంది కదా అని మొక్కజొన్న పిండి గంపలతో పోస్తాడు. కండ కాదు, కొవ్వు పెరుగుతుంది. మరీ కొవ్వెక్కిన ఆవుకు ఈనిన తరవాత ఆకలి ఇంకా ఆలస్యం. ఆవు ఒంటి పుష్టికి వేసే ఐదు మార్కుల కొలమానంలో మూడు, మూడున్నర మధ్య ఉంటే చాలు. చుక్క నాలుగు దాటింది. ఇప్పుడు మొక్కజొన్న తగ్గించి, చివరి మూడు వారాలు కొద్దిగా మంచి ప్రొటీన్ దాణా అలవాటు చేస్తున్నాడు. దిష్టి తీయడం కూడా మానలేదు.

పెద్ద పొట్టలో కరగకుండా పూత పూసిన మెథియోనిన్ మార్కెట్లో ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2013లోనూ 2016లోనూ వెలువడిన ప్రయోగాల్లో ఈనడానికి మూడు వారాల ముందు నుంచి దాన్ని తిన్న ఆవులు ఈనాక ఎక్కువ మేత తిన్నాయి, రోజుకు మూడు, నాలుగు కిలోల పాలు ఎక్కువ ఇచ్చాయి. నాకు ఇందులో ముఖ్యమనిపించింది పాలు కాదు, మేత. కాలేయం తేలికపడితే ఆవుకు ఆకలి వస్తుంది, ఆకలి వస్తే సగం జబ్బులు దగ్గరికి రావు. కాకపోతే అవి రోజుకు నలభై కిలోల పాలిచ్చే హోల్‌స్టీన్లు. పన్నెండు లీటర్ల ఆవుకు అంత ఫలితం ఆశిస్తే ఖర్చు తిరిగి రాకపోవచ్చు. పెద్ద పొట్టలో కరగకుండా దాటిపోయేలా చేసిన బైపాస్ ప్రొటీన్ దాణాను జాతీయ పాడి అభివృద్ధి బోర్డు చాలాకాలంగా ప్రోత్సహిస్తోంది, అది మంచిదే. అయితే వేరుశనగ చెక్కను బైపాస్ చేసినా అందులో లేని మెథియోనిన్ పుట్టుకురాదు, ఏ చెక్కతో చేశారో అడిగి కొనండి.

మందుల దుకాణంలో రంగురంగుల సీసాల్లో దొరికే లివర్ టానిక్కుల మీద నా అభిప్రాయం అడుగుతుంటారు. సీసా వెనుక కోలిన్, మెథియోనిన్ అని రాసి ఉంటే చూసి మురిసిపోకండి. పూత లేని కోలిన్‌ను పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దాదాపు మొత్తం తినేస్తాయి, మామూలు మెథియోనిన్‌లో చాలా భాగం గతీ అంతే. ఆ డబ్బుతో నువ్వుల చెక్క, ఖనిజ మిశ్రమం కొనవచ్చు. పెద్ద పాల ఆవు ఉంటే పూత పూసినదే కొనండి, డాక్టరును అడిగి మోతాదు వేయండి.

పరీక్ష ఎప్పుడు చేయాలని చాలామంది సందేహం. కొత్త కీటోసిస్ ఎక్కువగా తొలి వారంలోనే మొదలవుతుంది. ఈనిన మూడో రోజు నుంచి రెండో వారం చివరి దాకా వారానికి రెండుసార్లు మీటరుతో చూసుకుంటే చాలు. తోక కింద నరంలోంచి డాక్టరో గోపాలమిత్రో ఒక చుక్క తీస్తారు. మీటరు స్ట్రిప్పు కొనేటప్పుడు అది కీటోన్ స్ట్రిప్పో, చక్కెర స్ట్రిప్పో చూసి కొనండి, రెండూ ఒకే రకం డబ్బాల్లో వస్తాయి. గ్లూకోజు కూడా చేయించాలనుకుంటే రక్తాన్ని ఫ్లోరైడ్ ఉన్న బూడిద రంగు మూత ట్యూబులోనే పట్టించండి. మామూలు ట్యూబులో పట్టణానికి చేరేలోపు రక్తకణాలే చక్కెరను తినేస్తాయి, లేని జబ్బుకు మందు వాడాల్సి వస్తుంది. మా ఇంట్లో జెర్సీ సంకరం సంక్రాంతి దాటాక ఈనుతుంది. దాని ఆల్బుమిన్, కొలెస్టరాల్, బిలిరుబిన్ ఈనకముందే ఒకసారి చేయించి పెడతాను. రెండో రిపోర్టు వచ్చాక రెండు కాగితాలూ ఇక్కడే పెడతాను, మీరే పోల్చి చూడండి.